మంచం నవారులా బిగించిన గిటార్

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మర్యాద అందుకున్నది ఒక గిటార్. మా తాతయ్య బొంబాయికి కూలికి పోయినప్పుడు అక్కడి పాత సామాన్ల బజారులో కొని, మా ఊరు వడ్డేపల్లి దాకా ఒళ్లో పెట్టుకొని తెచ్చాడట. వయసులో అది ఆయనకన్నా పెద్దది. ఆయన పోయాక నాన్న దాన్ని గోడకు వేలాడదీసి, వదులైతే పాడవుతుందని, మంచం నవారు బిగించినట్టు తీగలు బిగిస్తూ వచ్చాడు. వాయించేవాళ్లు లేరు, బిగించడం మాత్రం మానలేదు. మా ఇంట్లో ప్రేమంటే అదే. ఏడాది తిరిగేసరికి తీగలు కట్టిన చెక్క లేచి, పై పలక ఉబ్బింది.

తాతయ్య జ్ఞాపకార్థ ప్రార్థనకు ఒక రోజు ముందు, బెంగళూరులో మేస్త్రీ పని చేసే మా చిన్నాయన వచ్చాడు. అక్కడి చర్చిలో గిటార్ వాయించేది ఆయనే.

"రేపు ప్రార్థనల అది ఒక్కసారి మోగాలె బిడ్డా. నేను ఇనాలె," అంది నానమ్మ.

చిన్నాయన ఉబ్బిన పలకను వేలితో తట్టి చూశాడు. "గిదేందన్నా, గిటారా, మంచమా?"

"వదులైతే పాడైతదనుకున్న తమ్మీ."

"ఇంకింత బిగిస్తే పలక చీలుతుండె. చీలితే ఇగ నాతోని గాదు."

తీగలన్నీ విప్పి, లేచిన చెక్క కింద పాత జిగురు గీకి, కొత్తది పూసి, సైకిల్ ట్యూబుతో కట్టు కట్టాడు. మరునాటి దాకా ముట్టొద్దన్నాడు. నాన్న ఆసుపత్రి వరండాలో తిరిగినట్టు తిరిగాడు. రోగి పక్కనే మా కోడి నిద్రపోయింది. దానికి ఏ పరేషానూ లేదు.

మరునాడు జనం చాపల మీద కూర్చుంటుండగా, చిన్నాయన కట్టు విప్పి కొత్త తీగలు ఎక్కించి, ఒక్కొక్కటే బిగించసాగాడు. తిప్పినప్పుడల్లా చెక్క కిర్రుమంది. నానమ్మ కళ్లు మూసుకుంది. పాస్టరుగారు దగ్గును కూడా వాయిదా వేసుకున్నారు. ఉన్నట్టుండి లోపల టక్కుమంది. చిన్నాయన వంగి చూశాడు. పలక చీలలేదు, చీలడానికి సిద్ధంగా ఉంది.

"ఇంకా జర బిగియ్యి, పాటకు అందుతలేదు," అన్నాడు నాన్న. ఏడాదిగా నేర్చిన విద్య కదా.

"అందకుంటే ఏమాయె? ముసలిదాన్ని గుంజుడెందుకు? మనమే జర కిందికి దిగి పాడుదం," అన్నాడు చిన్నాయన.

బిగించిన తీగలను కూడా కాస్త వదిలి, అన్నింటినీ ఆ తక్కువ శ్రుతికే కలిపాడు. గిటార్ బొంగురుగా మోగింది. పలక నిలిచింది. మేమంతా కిందికి దిగి పాడాం.

రెండో చరణంలో నాకు తెలియని గొంతు ఒకటి వినిపించింది. తిరిగి చూస్తే నానమ్మ. చర్చిలో ఆమె పెదవులు కదలడమే చూశాను తప్ప పాడగా ఎన్నడూ వినలేదు. పాటలు రావేమో అనుకునేదాన్ని. పాటలన్నీ వచ్చు. అంత ఎత్తు అందేది కాదు. ఆమె కోసం ఎవరూ దించలేదు.

ఇప్పుడు మా చర్చిలో పాట ఎత్తుకునేది నేను. కుర్రాళ్లు పై శ్రుతి అడుగుతారు, పైకి పోయినకొద్దీ పరలోకం దగ్గరవుతుందన్నట్టు. నేను మాత్రం వెనక వరుసలోని ముసలివాళ్ల వైపు చూస్తాను. పెదవులు కదులుతూ గొంతు వినబడకపోతే, ఎవరికీ చెప్పకుండా ఒక మెట్టు దించుతాను.