తూర్పుగాలి తిరిగిన పొద్దు

మా చెల్లెలు పోయి నెల దాటింది. ఆ రోజు లోపల ఆడవాళ్ళు శవానికి స్నానం చేయిస్తుంటే ఆమె కూతురు తడిచేతులతో వసారాలోకి వచ్చింది. తల్లి ఎడమ కణతమీద వెంట్రుకలు మొలవని ఆ రూపాయంత మచ్చ ఎట్లా అయిందని నన్నడిగింది. ఆమెకు తెలియక కాదు. తల్లి చెప్పగా చిన్నప్పటినుంచీ విన్నదే. దుఃఖంలో ఉన్నవాళ్ళు తెలిసిన సంగతినే ఇంకోసారి వినాలనుకుంటారు. నేను చెప్పింది ఆమె విన్నదానితో సరిపోలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మాటలు ఉబ్బుతాయి. నేను చదివిన పుస్తకాల్లో అట్లాంటి పేజీలు చాలా తిప్పేశాను.

మా ఊరు ఆత్మకూరుకు తూర్పున, నల్లమల మొదలయ్యే చోట ఉంది. నేను చెప్పేది కర్నూలు రాజధాని అయిందని అందరూ చెప్పుకున్న మరుసటి ఎండాకాలం సంగతి. అంతకుముందు వరసగా వానలు తప్పాయి. చెరువులో బురద కూడా ఎండి పెంకులుగా లేచింది. ఊళ్ళో మిద్దెలు పది ఉంటే, మిగిలినవి దాదాపు అన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలు. నాలుగేళ్ళుగా కొత్త బోద దొరక్క పాతదే కప్పుమీద ఉండి, చేత్తో నలిపితే పొడి అయ్యేది.

మాది పడమటి గాలికి అమర్చుకున్న ఊరు. ఎండాకాలం చివరినుంచి శ్రావణం దాకా గాలి పడమటినుంచే వస్తుంది. అందుకే చొప్పవాములన్నీ ఊరికి తూర్పున వేసేవాళ్ళు. వామికి నిప్పంటుకున్నా మంట అడవివైపు పోతుంది, ఊరిమీదికి రాదు. తాతలనాటి ఏర్పాటు అది. దానికి తోడు ఇంకో కట్టుబాటు ఉండేది. గాలి రోజుల్లో పొద్దు బారెడెక్కేలోగా వంటలు ముగించాలి. తలారి తప్పెట కొట్టాక, సాయంత్రం గాలి పడేదాకా ఎవరూ పొయ్యి రాజేయకూడదు, బీడీ ముట్టించకూడదు. ఎవరింట్లో పొగ కనిపిస్తే వాళ్ళ పొయ్యిలో నీళ్ళు పోసి, దానిమీది కుండ పగలగొట్టేవాళ్ళు. ఆ ఏడాది కుండలు పగలగొట్టే నలుగురిలో నేనొకణ్ణి. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ పని నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. కుండ పగిలినప్పుడు చేతికి తెలిసే అదురు నాకింకా గుర్తుంది.

తప్పెట ఎప్పుడు కొట్టాలో చెప్పేది మా నాయన. కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు గాలిని ఆయన చదివినట్టు ఇంకెవరూ చదవలేరని ఊరి నమ్మకం. పొద్దున్నే చేటలో పొట్టు పట్టుకుని మిద్దె ఎక్కేవాడు. పిడికెడు తీసి వదిలి, అది ఎటు పోతుందో, ఎంత దూరం పోతుందో చూసి తలారికి చెయ్యి ఊపేవాడు.

ఆ నెలలోనే మా చెల్లెలు మొదటి కాన్పుకు ఇంటికొచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. పురుడు తీరేదాకా, అంటే పదకొండు రోజులు, బాలింత మిద్దెలో అడుగుపెట్టకూడదు. మిద్దెలో దేవుని గూడు ఉంది, విత్తనాలు ఉన్నాయి. అందుకని పెరట్లోని బోద కొట్టంలో నులకమంచం వేశారు. మంచం కింద కుంపటి పెట్టారు. బాలింతకు గాలి సోకకూడదని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి కట్టి, వాకిలికి చాప అడ్డం కట్టింది అమ్మ.

ఆ కుంపటి పగలంతా రాజుతూనే ఉండేది. నాకు తెలుసు. నాయనకూ తెలుసు.

మా పెరటి గోడకు ఆనుకుని దూదేకుల అవ్వ ఒక్కతే ఉండేది. చిన్న ఇల్లు, పైన బండల కప్పు. ఒకరోజు పగటిపూట ఆమె పొయ్యిమీద ఉడుకు నీళ్ళ కుండ చూసి కర్రతో కొట్టాను. అవ్వ అరవలేదు. పెంకులు ఏరుతూ తలెత్తి చూసింది.

“ఏమప్పా, గాలిని మీ నాయన జేబులో ఏసుకోని తిరుగుతాండాడా? నా కుండ నీకేం జేసె?”

“కట్టుబాటు అవ్వా.”

“కట్టుబాటు కుండలకేనా, కుంపట్లకు ల్యాదా? గోడకు ఈపక్కనే ఉండా కదప్పా. నా ముక్కు ఇంకా బాగనే పనిచేస్తాండాది.”

నేను కర్ర భుజాన వేసుకుని వచ్చేశాను. మరుసటి రోజు నేను వీధిలో పోతుంటే వాకిట్లో కూర్చుని, “దావ ఇడవండమ్మో, కుండల దేవర వస్తాండాడు” అని అరిచింది. వీధంతా నవ్వింది.

అప్పటికే తూర్పున కొండమీద అడవి మూడు రోజులుగా కాలుతోంది. గడ్డి మొలవాలని పశువులవాళ్ళు పెట్టిన నిప్పో, మరింకేదో తెలియదు. పగలు పొగ కనిపించేది. పడమటి గాలి దాన్ని ఆవలికి తోసేస్తోంది కనక ఎవరూ పట్టించుకోలేదు. అడవి కాలడం మాకు కొత్త కాదు.

చెల్లెలికి తొమ్మిదో రోజు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గాలి పూర్తిగా ఆగిపోయింది. కొండమీద మబ్బు పట్టి ఉరిమింది. చుక్క పడలేదు. నాయన మిద్దెమీద ఉన్నాడు. నేను నిచ్చెన దగ్గర నిలబడి చూశాను. ఆయన వదిలిన పొట్టు నేరుగా కాళ్ళమీద పడింది. ఇంకో పిడికెడు వదిలాడు. అది ఆయన గడ్డాన్ని దాటి, ఇంటిమీదుగా పడమటికి పోయింది. ఆయన మూడోసారి చెయ్యి చేటలో పెట్టి ఆపేశాడు.

“తూర్పుగాలి. వాములు పోతాయి. పోయి ఎద్దుల్ని ఇప్పండి.”

మేము పరిగెత్తి ఊరిచివరకు చేరేసరికే కొండవాలునుంచి మంట చేలలోకి దిగింది. ఎండిన కొయ్యకాళ్ళమీద అది మనిషికంటే వేగంగా వచ్చింది. మొదటి వామి అంటుకున్నాక మిగతావి ఎంతోసేపు నిలవలేదు. ఊరిని కాపాడాలని తూర్పున పేర్చుకున్న చొప్పంతా ఇప్పుడు గాలికి ముందు నిలబడి ఉంది. కాలుతున్న మోపులు కట్లు తెగి లేచి, వీధిమీదుగా ఎగిరి కప్పులమీద పడ్డాయి. వాముల దగ్గర కట్టేసిన ఎద్దుల పలుపులు కొడవలితో కోశాం. ఒకదాని దగ్గరికి పోలేకపోయాం. దాని పలుపు కాలి తెగింది. వీపుమీద మంటతో అది ఇంటిదోవ గుర్తుపట్టి ఊళ్ళోకే పరిగెత్తింది. తన కొట్టంలోనే దూరింది. ఆ కొట్టంతో తూర్పు వీధి అంటుకుంది.

మంట వీధిలోకి వస్తే చేసే పని ఒకటే. దానికి రెండిళ్ళ ముందుకు పోయి కొట్టాలు పీకి, బోద ఈడ్చేసి, మంటకు మేత లేకుండా చెయ్యాలి. దోటికర్రలు పట్టుకుని మేం నలుగురం ముందు నడిచాం. మొదటి కొట్టం ఒక ముసలి రైతుది. ఆయన గడపకు అడ్డంగా పడుకున్నాడు. ఇద్దరు కాళ్ళు పట్టి లాగితే గడపను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ వేళ్ళమీద నేను కాలు పెట్టి తొక్కాను. కప్పు కూలాక ఆయన లేచి ఊరందరికీ వినపడేట్టు అరిచాడు.

“నాది పీకితిరి. ఇంగ తరువాతది ఎవురిదిరా? పెద్దాయనది. కుంపటి ఇడిసిపెడితిరి, కొట్టం గూడ ఇడిసిపెడతారా?”

జనం మా నాయనవైపు తిరిగారు. ఆయన మిద్దె దిగి వచ్చి ఉన్నాడు, చేట ఇంకా చంకలోనే ఉంది. ఇంకొక్క పిడికెడు వదిలాడు. పొట్టు పడమటికే పోయింది.

“నాదీ పీకండి” అన్నాడు.

అమ్మ కొట్టం వాకిట్లో చేతులు చాచి నిలబడింది. “తొమ్మిది దినాల బిడ్డప్పా! ఈ గాలి తగిల్తే తల్లికి సన్నిజ్వరం పుడుతుంది. మైలతో మిద్దెలోకి ఎట్ల తీసకపోదు? రోంతసేపు ఆగండి.” ఆగడానికి లేదు. ముసలి రైతు కొట్టానికి అవతలి కప్పుమీద నిప్పురవ్వలు పడుతున్నాయి. నేను అమ్మను పక్కకు నెట్టాను. ఆమె కుంపటికోసం పెట్టుకున్న పిడకల కుప్పమీద పడింది. చాప చింపుకుని లోపలికి పోయాను.

లోపల చీకటిగా, ప్రశాంతంగా ఉంది. చెల్లెలు మంచంమీద కూర్చుని, గోడవైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. ఊరు కాలుతున్న సంగతి ఆమెకు తెలియదు. చెవుల్లో దూది ఉంది. వెలుతురు పడితే తిరిగి చూసింది. నా మొహమంతా మసి, ముక్కుకు గుడ్డ, చేతిలో దోటి. నేను రమ్మని అరిచాను. ఆమె బిడ్డను ఒక చేత్తో హత్తుకుని, రెండో చేత్తో మంచంపట్టె పట్టుకుంది. లాగాను. రాలేదు. మణికట్టు కొరికింది. వెనకనుంచి ఎవరో వాసం విరిచిన చప్పుడైంది. కప్పులోంచి దుమ్ము రాలింది.

కర్ర తిప్పి పట్టుకుని మొదలుతో ఆమె కణతమీద కొట్టాను. ఒక్కసారి. కుండ పగలగొట్టేటప్పుడు ఎట్లా కొట్టేవాణ్ణో అట్లాగే.

పట్టు వదిలింది. ఒక చంకలో బిడ్డను, రెండో చేత్తో ఆమె జుట్టును పట్టి బయటికి ఈడ్చాను. మేము దాటీ దాటకముందే కప్పు దిగిపోయింది. ఎర్రటి దుమ్ము, పొగ, గాలి ఒకేసారి మొహాన కొట్టాయి. బిడ్డ ఏడవడం కూడా మర్చిపోయి నోరు తెరిచి ఉన్నాడు. ఎక్కడికి తీసుకుపోవాలో నాకు తెలియలేదు. మిద్దె తలుపు అమ్మ ముందే మూసేసింది.

గోడమీదనుంచి దూదేకుల అవ్వ చేతులు చాచింది. “ఈడికియ్యి. నాది బండల కప్పు. మీ మైల నాకేం అంటదు.” బిడ్డను అందుకుని, చెల్లెలి మొహం చూసి, “యా అల్లా, ఎవురు కొట్టినారు?” అంది. నా మణికట్టుమీది పంటిగాట్లు చూసి ఇంకేమీ అడగలేదు. చెల్లెలి చెవిలోంచి దూది తీసింది. అది ఎర్రగా తడిసి ఉంది.

మేము కూల్చిన బోదను వీధికి అవతలికి ఈడుస్తుండగా గాలి ఆగింది. కాసేపటికి మెడమీద చల్లగా తగిలింది. పడమటి గాలి. మంట వెనక్కి వంగి, తాను తిన్న వీధిమీదికే తిరిగింది. కాలడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. మంటకూ మేం పీకిన కొట్టాలకూ మధ్య ఇంకో కొట్టం ఉండగానే ఆగిపోయింది. ఆ కొట్టం కాలలేదు. పీకిన రెండు కొట్టాలు తప్ప మా వరసలో ఒక్క గడ్డిపోచ కూడా చెడలేదు.

నాయన చేట బోర్లించి కూర్చున్నాడు. “తిరిగిపాయ” అన్నాడు. “నేనేం జేతు, తిరిగిపాయ.” ఆ తరువాత ఆయన ఎవరికీ గాలి చూడలేదు. తన కళ్ళంలో కూడా.

నాలుగోనాడు బిడ్డ పోయాడు. ముందు పాలు తాగడం మానేశాడు, తరువాత ఒళ్ళు కాలింది. గాలి సోకిందని అమ్మ అంది. పొగ పట్టిందని అవ్వ అంది. నేను ఈడ్చినప్పుడు ఏదైనా దెబ్బ తగిలిందేమోనని నేననుకున్నాను, ఎవరితోనూ అనలేదు. వైద్యం చదివినవాళ్ళను తరువాత చాలామందిని అడిగాను. అంత పసిబిడ్డలు ఆ రోజుల్లో ఊరికే కూడా పోయేవాళ్ళని చెప్పారు. అది నిజమే. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

చెల్లెలు అత్తగారింటికి వెళ్ళింది. తరువాత నలుగురు పిల్లల్ని కన్నది. జుట్టు ఎడమవైపుకి దువ్వుకునేది. ఏళ్ళ తరువాత ఒక ఎండాకాలం, ఆమె ఇంట్లో ఇద్దరమే ఉండగా, పడమటి గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, అన్నాళ్ళూ అడగలేకపోయిన మాట అడిగాను.

“ఆ పొద్దు నన్ను గుర్తుపట్టలేదు కదా నువ్వు. దొంగో, ఎవరో అనుకున్నావు కదా.”

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

“గుర్తుపట్టినాలే అన్నా. నువ్వని తెలిసే పట్టె ఇడవలేదు. నువ్వు కొట్టవనుకున్యా.”

అంతే. కోపం లేదు. లేచి పోయి కిటికీ గడియ పెట్టి వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట మా మధ్య రాలేదు.

ఆమె పోయిన రోజు వసారాలో ఆమె కూతురు నా ముందు నిలబడి అడిగింది. నేను చెప్పాను. ఇక్కడ రాసినంత కాదు, రెండు మాటల్లో చెప్పాను. అది నేను కొట్టిన దెబ్బ అని, కర్రతో కొట్టానని.

ఆమె నావైపు జాలిగా చూసింది. పెద్దవాడు, చెల్లెలు పోయిన దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాడనుకుంది.

“ఊరుకో మామా. కప్పు కూలి వాసం పడింది కదా. అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వాసం కింద పడి ఉంటే మా అన్న ఒక్కడే నిప్పుల్లోకి వచ్చినాడు, ఆయన రాకపోతే నేను లేను, మీరు లేరు అనేది. మాకు అన్నాలు పెట్టేటప్పుడు గూడ అదే చెప్పేది.”

“వాసం కాదు” అన్నాను.

“సరేలే మామా. రోంత మజ్జిగ తాగు.”

లోపలికి పోయింది. తలుపు సగం తెరిచే ఉంది. తల్లి కణతను తడిగుడ్డతో మెల్లగా తుడిచి, నూనె రాసి, ఉన్న కాసిని తెల్లవెంట్రుకలను దువ్వెనతో తీసి, ఆ మచ్చ కనపడకుండా ఎడమవైపుకి దువ్వింది.