వేపచెట్టెక్కిన పీతలు

నాకు మొదటి ఉద్యోగం పొదిలి నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో వచ్చింది. ఎనభైల నాటి మాట. సైన్సు టీచర్ని. చేరిన రోజే హెడ్మాస్టరు నన్ను పిలిచి, స్టాఫ్ రూములో మంచినీళ్ళ కుండ ఉందనీ, గ్లాసు మాత్రం నాది నేను తెచ్చుకోవాలనీ చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

మాది నిజాంపట్నం దగ్గర, సముద్రపు కాలవ ఒడ్డున పల్లె. మా నాన్న అక్కడి చిన్న చర్చికి ఉపదేశి. అమ్మ మడ అడవిలోకి పీతలకు వెళ్ళేది. నా చదువు సగం అమ్మ పట్టిన పీతల మీదే నడిచింది. ఆ పొదిలి వైపు ఊళ్ళోవాళ్ళకు మాత్రం సముద్రం అంటే క్యాలెండరు బొమ్మే. నీళ్ళంటే బావి అడుగున చేంతాడుకు అందీ అందనివి. ఊరిచుట్టూ మిరప, పత్తి, మధ్యలో ఎర్రనేల. అక్కడ ఒక్క మనిషి నాతో నవ్వి మాట్లాడినట్టు జ్ఞాపకం లేదు. నేనూ నవ్వలేదు.

తొమ్మిదో తరగతికి కీళ్ళకాళ్ళ జీవుల పాఠం చెప్తున్నాను. పీతలు నీళ్ళలో నివసిస్తాయని పుస్తకంలో ఉంది. అది చదివించి, మా వైపు చెట్ల మీద కాపురం చేసే పీతలు కూడా ఉన్నాయని చెప్పాను. పోటు వచ్చి కాలవ నిండేటప్పుడు నీళ్ళతో పాటు పెద్ద చేపలు వేటకొస్తాయి. అందుకని ఈ పీతలు ముందే మడచెట్ల మొదళ్ళు పట్టుకుని మనిషెత్తు పైకి ఎక్కేస్తాయి. పాటుకు నీళ్ళు తీశాక దిగి, బురదలో రాలిన ఆకులు తింటాయి. డొప్ప లోపల కాసిని నీళ్ళు దాచుకుని మొప్పలు తడి ఆరకుండా చూసుకుంటాయి. చేపలాగే ఊపిరి, ఉడతలాగ ఎక్కడం. ఇదంతా నేను చిన్నప్పటి నుంచీ కళ్ళతో చూసిందే కాబట్టి కొంచెం సంబరంగానే చెప్పాను.

ముందు వరసలో స్కూలు కమిటీ అధ్యక్షుడి కూతురు కూర్చునేది. పక్కపిల్లతో అంటున్నట్టుగా, నాకు వినపడేలా అంది: “పీతలు తినేవాళ్ళు ఏవన్నా చెప్తారు.”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్లని లేపి, చెయ్యి పట్టమని, స్కేలుతో రెండు దెబ్బలు వేశాను. గట్టిగానే వేశాను. ఇప్పుడైతే చెయ్యను. అప్పుడు చేసినందుకు మటుకు ఇంతవరకూ బాధపడలేదు.

మర్నాడు ఉదయం ప్రార్థన కాకముందే అధ్యక్షుడు వచ్చి హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు పక్కన నిలబడ్డాడు. మిరపకాయల వ్యాపారం ఆయనది. కల్లాల్లో తిరిగి వచ్చాడేమో, ఆయన చొక్కా నుంచి వచ్చే ఘాటుకి నాకు కళ్ళు చెమర్చాయి. నేను ఏడుస్తున్నాననుకుని ఆయన ముఖం కాస్త తెరిపిన పడింది. ఆ స్కూల్లో పిల్లల్ని కొట్టని పంతులు లేడు. కొట్టినందుకు నన్ను తప్పుపడితే అందరినీ పట్టాల్సి వస్తుంది. అసలు కోపం ఆ దెబ్బల మీద, ఆ దెబ్బలు వేసిన చేతి మీద. కాగితం మీదికి ఎక్కింది మాత్రం పీతలు.

“చెట్లెక్కే పీతలేంది అమ్మాయ్? పిల్లకాయలకి ఇయ్యేనా చెప్పేది?” అన్నాడు.

ఉన్నాయండీ అన్నాను. హెడ్మాస్టరు నా వైపు చూడకుండా మెమో చేతికిచ్చాడు. పాఠ్యపుస్తకంలో లేని అబద్ధాలు బోధించి విద్యార్థులను తప్పుదోవ పట్టించినందుకు వారంలో సంజాయిషీ ఇమ్మని. అటువంటి పీతలు లేవని, పొరపాటున చెప్పానని రాసిస్తే అక్కడితో వదిలేస్తానన్నాడు. రాయనన్నాను.

ఆ మధ్యాహ్నానికే నా పేరు పీత టీచరైంది. తొమ్మిదో తరగతి బోర్డు మీద టెంకాయచెట్టు, దాని మీద చీర కట్టుకున్న పీత. బోర్డు తుడిపించకుండా ఆ బొమ్మ మీదే పాఠం రాశాను. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు మీ ఊళ్ళో రొయ్యలు సైకిలు తొక్కుతాయా అని అడిగాడు. మిగతావాళ్ళు నవ్వారు. డ్రాయింగ్ మాస్టారొక్కడే నవ్వలేదు. ఆయన ముస్లిం, అదే ఊరివాడు, పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. తల వంచుకుని పెన్సిలు చెక్కుకున్నాడు.

రెండు రోజులు సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. జరిగింది చెప్తే నాన్న ప్రార్థన చేద్దామన్నాడు. అమ్మ పడవ తీసింది. పోటు వచ్చే వేళకి మడ అడవిలోకి పోయాం. ఎర్ర డెక్కల పీతలు అప్పటికే మొదళ్ళ మీదికి ఎక్కుతున్నాయి. మనిషి నీడ పడితే చెట్టు వెనక్కి తిరుగుతాయి, మరీ దగ్గరికెళ్తే నీళ్ళలోకి దూకేస్తాయి. అమ్మ ఒక పక్క నుంచి అలికిడి చేస్తే అవి నా వైపుకి తిరిగేవి. అలా ఆరింటిని పట్టాం. అమ్మ డబ్బాలో బురద, ఆకులు వేసి, పైన తడి గోనె కట్టి, తడి ఆరనివ్వొద్దని చెప్పింది. తర్వాత అడిగింది, వాళ్ళు చూస్తే మాత్రం ఒప్పుకుంటారా అని. పీత కళ్ళ ముందు ఎక్కుతుంటే ఎందుకు ఒప్పుకోరన్నాను. అమ్మ పడవ ఒడ్డుకి తిప్పింది.

బాపట్ల, ఒంగోలు, పొదిలి. మూడు చోట్ల బస్సు మారాను. ఒంగోలు బస్సులో కండక్టరు వాసనొస్తోందని డబ్బాని టాపు మీద పెట్టించబోయాడు. ఎండకు చచ్చిపోతాయని ఒళ్ళో పెట్టుకుని చివరి సీటులో కూర్చున్నాను. పక్కనున్న ఆవిడ ముక్కు మూసుకుని లేచి నిలబడింది. చేరేసరికి రెండు చచ్చిపోయాయి. నాలుగు మిగిలాయి.

మర్నాడు మొదటి పీరియడ్లో తొట్టి నిండా ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, మధ్యలో ఇటుకల మధ్య మొద్దులాంటి కొమ్మ నిలబెట్టి పీతల్ని వదిలాను. కాసేపు అడుగున కదల్లేదు. పిల్లలు గుసగుసలు మొదలెట్టారు. తర్వాత ఒకటి కొమ్మ పట్టుకుంది. దాని వెనక రెండోది. నీళ్ళు దాటి జానెడు పైకి వచ్చి ఆగాయి. వెనక బెంచీల పిల్లలు లేచొచ్చి తొట్టి చుట్టూ చేరారు. ఆ పది నిమిషాలే ఆ ఊళ్ళో నేను పాఠం చెప్పినట్టు నాకు అనిపించింది.

ఎవరో కబురు చేసినట్టున్నారు. హెడ్మాస్టరూ అధ్యక్షుడూ కలిసే వచ్చారు. వాళ్ళ వెనక మిగతా మాస్టర్లు. అధ్యక్షుడు తొట్లోకి వంగి చూసి, “తొట్లో కట్టె పెడితే ఎలకైనా ఎక్కుద్ది, చెట్టు ఎక్కినట్టా?” అన్నాడు. స్కూలు కంపు కొడుతోందని, బయట పారబొయ్యమని అటెండరుకి చెప్పాడు.

అటెండరు తొట్టి మోసుకుపోయి స్కూలు ముందున్న వేపచెట్టు దగ్గర కుమ్మరించాడు. పిల్లలందరూ బయటికొచ్చారు. ఎండకి నేల కాలిపోతోంది. పీతలు ఒక్క క్షణం ఎటూ తోచనట్టు ఆగి, నీడలోకి అడ్డంగా పరిగెత్తాయి. చెట్టు మొదలు తగలగానే బెరడు పట్టుకుని ఎక్కడం మొదలెట్టాయి. నాలుగూ ఎక్కాయి. వాటికది వేపచెట్టో మడచెట్టో తెలీదు. బెరడు గరుగ్గా ఉంది, పైకి దారుంది, అంతే. అధ్యక్షుడి భుజమెత్తు దాటి వెళ్ళాయి.

“ఎక్కినయ్ నాన్నా,” అంది ఆయన కూతురు.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగి చూశాడు. ఆ పిల్ల వెంటనే తల దించుకుని వెనక్కి జరిగింది. ఆయన గోడకి ఆనించి ఉన్న చీపురుకట్ట అందుకుని పీతల్ని ఒక్కొక్కటే కింద పడగొట్టి చెప్పుకాలితో తొక్కాడు. నాలుగింటినీ తొక్కాడు. డొప్పలు విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత చెప్పు నేలకు రాసి తుడుచుకుని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు బెల్లు కొట్టించాడు.

ఆ సాయంత్రమే సంజాయిషీ రాశాను. జరిగింది జరిగినట్టు, ఎవరెవరు అక్కడున్నారో కూడా రాసి, సాక్షులుగా సంతకాలు చెయ్యమని మాస్టర్ల దగ్గరికి వెళ్ళాను. లెక్కల మాస్టారు తాను లోపలున్నానన్నాడు. తెలుగు పండితుడు కళ్ళజోడు లేదన్నాడు. చివరికి డ్రాయింగ్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం మొత్తం చదివాడు.

“నేను చూశాను టీచరమ్మా. ఇది నిజమే. సంతకం పెట్టలేను,” అన్నాడు. “నేను ఈ ఊళ్ళోనే ఉండాలి.”

ఆయన మీద జాలిపడాలని నాకు అనిపించలేదు. అబద్ధమాడినవాళ్ళ మీద కంటే నిజమని చెప్పి కాగితం వెనక్కిచ్చిన ఆయన మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఒక్క నా సంతకంతోనే సంజాయిషీ ఇచ్చాను. మూడు వారాలకి, పరీక్షల ముందు, బదిలీ ఆర్డరు వచ్చింది. కారణం రాయలేదు. వీడ్కోలు టీ అంటూ ఏమీ పెట్టలేదు, పెట్టినా తాగేదాన్ని కాదు.

కొన్నేళ్ళ తర్వాత ఒంగోల్లో పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో ఆ హెడ్మాస్టరు కనిపించాడు. జుట్టు తెల్లబడింది. భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టి, పక్కవాళ్ళకి మహా ఉత్సాహంగా చెప్పడం మొదలెట్టాడు. ఈ అమ్మాయి మా స్కూల్లో పనిచేసిందండీ, చెట్లెక్కే పీతల్ని పట్టుకొచ్చి చూపించింది, కళ్ళారా చూశాం, ఎంత వింతో అని. వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. ఆయన తన సొంత పీతల గురించి చెప్తున్నంత ధీమాగా చెప్తున్నాడు.

“ఆ రోజు అబద్ధం అన్నారు కదండీ,” అన్నాను.

ఏదో పాతమాటలే అమ్మా అని నవ్వాడు. అన్నం క్యారేజీ మూత పెట్టేసి, లేచి, అవతలి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వెనక నుంచి, ఇంకా పొగరు తగ్గలేదని ఆయన అనడం వినపడింది. తగ్గలేదు. మిగిలిన అన్నం అక్కడే తిని, మధ్యాహ్నం నా వంతు పేపర్లు దిద్దాను.