కింద నుంచి పిలిచిన పాప

పోయిన వారం జనగామ నుంచి ఫోనొచ్చింది. మా కింది వాటాలో కిరాయికుండే ఆటో నడిపే అబ్బాయి, పాప వాళ్ల నాన్న. "పాప పోయిందమ్మా" అన్నాడు. "ఎక్కడికి?" అని అడిగాను. వేసవి సెలవులకు నానమ్మ దగ్గరికి వెళ్లిన పిల్ల, చుట్టాలెవరితోనో ఇంకో ఊరెళ్లిందనుకున్నాను. అవతల ఏడుపు వినబడ్డాకే అర్థమైంది. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. పదేళ్లు కూడా నిండలేదు.

పుట్టుకతోనే గుండె బలహీనం. పరుగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. అలాగని ఎవర్నీ జాలిపడనిచ్చేది కాదు. నాంపల్లి స్టేషన్ వెనక మా సందులో గట్టిగా గొంతు వినిపిస్తే అది ఆ పిల్లదే. బడి నుంచి రాగానే మెట్ల దగ్గర నిలబడి, "అమ్మమ్మా, నన్ను ఎక్కనియ్యరు, నువ్వే జర దిగు!" అని కేకేసేది. మోకాళ్ల నొప్పులే అంటే, "అయితే మనిద్దరం పేషెంట్లమే, రా" అనేది. దిగకుండా ఎలా ఉంటాను?

దిగగానే ప్రశ్న. "ఇయ్యాల ఏం జూసినవ్?" ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక ముచ్చట తేవాల్సిందే. వాళ్లమ్మ ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. ఓ రోజు ఒకావిడ కొట్టులోని చీరలన్నీ విప్పించి, చివరికి జాకెట్టు ముక్క కొనుక్కుపోయిందని చెబితే, పిల్ల నవ్వీ నవ్వీ గోడకానుకుంది. "ఆపమ్మా, ఆయాసమొస్తుంది" అంది. ఊపిరి తిరగ్గానే, "మల్ల చెప్పు!" నా ముచ్చట్లు మాత్రం నచ్చేవి కావు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకుకు వెళ్లొచ్చానంటే, "గదేం ముచ్చట! రేపు మంచిగ జూసి రా" అనేది.

ఈ జనవరిలో అందరం మా నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. జెయింట్ వీల్ దగ్గర పాప ఆగిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ ముందే వద్దంది. "పోదాం పా బిడ్డా" అని వాళ్లమ్మ చేయి పట్టుకుంది. కదల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. తను మా వైపు తిరిగి, "నన్నెక్కొద్దన్నరు. మీకేమైంది? బాపూ, నువ్వెక్కు. అమ్మమ్మా, నువ్వు గూడ" అంది.

ఆ అబ్బాయికి ఎత్తంటే భయం, నాకు అంతకన్నా భయం. అయినా ఎక్కాం. పైకి లేస్తుంటే అతను నా చేయి పట్టుకుని దేవుళ్లందర్నీ పిలిచాడు. నేను కళ్లు మూసేసుకున్నాను.

దిగగానే, "ఏం కనబడ్డది?"

"ఏమీ లేదే తల్లీ, కళ్లు మూసుకున్నాను."

"బాపూ, నువ్వు?"

"నేను గూడ బిడ్డా."

నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇద్దరికిద్దరు మంచిగున్నరు! మల్ల ఎక్కున్రి!"

మళ్లీ ఎక్కాం. పైకి చేరాక, ఈసారి కళ్లు తెరిచాను. స్టేషన్ దీపాలు, అసెంబ్లీ గుమ్మటాలు, మలుపు తిరుగుతున్న మెట్రో రైలు. ఇన్నేళ్లు నడిచి తిరిగిన నాంపల్లి ఇంత అందమైందని నాకు తెలియనే తెలియదు. పెద్దగా నవ్వాను. పక్కన ఆ అబ్బాయీ నవ్వుతున్నాడు. కిందకి చూశాను. జనం మధ్య పసుపు గౌనులో పాప, ఒక చేతిలో పీచుమిఠాయి. రెండు చేతులూ బారచాపి, ఉన్నచోటే మెల్లగా, మా చక్రంతో పాటే తిరుగుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు జరిగి, చోటిచ్చి చూస్తున్నారు.