మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఒక స్ఫటికం

ఉదయం ఎనిమిదికి మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కాను. ఒళ్లో థర్మాకోల్ పెట్టె, అందులో ఒక ద్రవపు బొట్టు, ఆ బొట్టులో ఆవగింజలో సగం కూడా లేని స్ఫటికం. బట్టల రంగునీళ్లను శుభ్రం చేసే ఒక బ్యాక్టీరియా ఎంజైమ్‌ది అది. ఆ ఎంజైమ్‌లో ఒకచోట మేము చిన్న మార్పు చేస్తే మునుపటికన్నా చురుగ్గా పనిచేస్తోంది. ఎందుకో తెలియదు. శామీర్‌పేట అవతలి ఎక్స్‌రే యంత్రం దాని లోపలి ఆకారం చూపించాలి. "ఈసారీ కారణం తేలకపోతే ఈ పని ఆపేద్దాం," అని మా సార్ ముందే చెప్పేశారు. రెండేళ్లుగా దీని మీదే కూర్చున్నాను. రాత్రి కంటి మీద కునుకు లేదు.

ల్యాబ్ కారు కోసం చూసి చూసి విసుగెత్తి ఆటో పట్టుకున్నాను. ఇలాంటివి మోసుకెళ్లేవాళ్లు డ్రైవర్ పక్కన మాత్రం కూర్చోకండి. ప్రతి గుంతా నేరుగా ఒళ్లోకే వస్తుంది.

"జర మెల్లగ పోనియ్యన్నా," అన్నాను మూడోసారి.

"గంత పరేషాన్ ఎందుకక్కా? గుడ్లున్నయా ఏంది అండ్ల?" అన్నాడు డ్రైవర్.

వెనక కూరగాయల గంపతో కూర్చున్న పెద్దామె, "ఎవలికన్న మందేమో. మెల్లగ పోరాదు," అని కసిరింది. కాస్త నెమ్మదించాడు. నాకు మాత్రం మూత తీసి చూడాలని మనసు పీకుతూనే ఉంది.

శామీర్‌పేటలో దిగి టీ కూడా తాగకుండా ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ యంత్రం చూసుకునే రమణగారిది కాకినాడ. సూక్ష్మదర్శినిలో చూసి, "ఏం కాలేదండి, బాగానే ఉంది," అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఎక్స్‌రేలకు మధ్యాహ్నం దాకా పడుతుందన్నారు. క్యాంటీన్‌లో పులిహోర నాలుగు మెతుకులు కెలికి, వరండాలో ఆ చివరకూ ఈ చివరకూ తిరిగాను.

ఆ తర్వాత కంప్యూటర్ లెక్కలు కట్టి, సాయంత్రానికి ఆకారం తెర మీదికి వచ్చింది. అంతా స్పష్టంగా ఉంది, మేము మార్చిన చోటు తప్ప. అక్కడ ఖాళీ.

"కుదురుగా నిలవక కదిలే భాగం ఇందులో పడదండి. ఏం చేస్తాం," అన్నారు రమణగారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సార్‌కు ఫోన్ చేయబుద్ధి కాలేదు. మార్పు చేయకముందటి ఎంజైమ్ బొమ్మ ఫోన్‌లో తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నాను. అందులో ఆ చోటు చక్కగా కనబడుతోంది. మళ్లీ చూశాను. అప్పుడు కుదురుగా ఉన్న చోటు ఇప్పుడు కుదురుగా లేదు. దాన్ని వదులు చేసింది మా మార్పేనేమో!

వెంటనే సార్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకో స్ఫటికంలోనూ ఇలాగే వస్తే, దాని చురుకుకు కారణం ఆ వదులే కావచ్చు. పని ఆపకు," అన్నారు.

పక్క సీటులోని ముసలామె నా మొహంలోకి చూసి, "ఏంది బిడ్డా, మంచి కబురేనా?" అంది.

"మంచిదే అవ్వా, నా పని ఆగలేదు," అన్నాను. నవ్వు, ఏడుపు రెండూ కలిసే వచ్చాయి.