నా సీట్లోంచి ఆగిన బ్యాకప్

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. హైటెక్ సిటీలో డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం నాది. కంప్యూటర్‌లో ఏం జరిగినా ఎవరో ఒకరు చేస్తేనే జరుగుతుంది. ఇప్పటికీ అదే అంటాను, ఒక్క ఈ సంగతి తప్ప.

మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. పెద్ద క్లయింట్లు అమెరికావాళ్లు కాబట్టి, వాళ్లు నిద్రపోయే వేళ చూసి రోజూ డేటాకు నకలు తీసే బ్యాకప్ పెట్టారు. అంటే మనకు పట్టపగలు. కొత్తగూడ దగ్గర ఓ ఆసుపత్రి కూడా అదే సర్వర్ మీద నడుస్తోందని ఎవడికీ పట్టలేదు.

"ఆన్‌లైన్ బ్యాకప్ అండి, సిస్టం ఆగదు. యూజర్లకు తెలియను కూడా తెలీదు" అనేవాడు మా మేనేజర్. ఆగదు, నిజమే! డిస్కంతా బ్యాకప్పే లాక్కుంటే మిగతావాళ్ల స్క్రీన్లు నత్తలా పాకుతాయి. టైం మార్చమని ఎన్ని మెయిళ్లు పెట్టానో.

ఆ రోజు సెలవు పెట్టి ఆ ఆసుపత్రిలోనే ఉన్నాను. మా చెల్లెలి కాన్పు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగలేదు. నర్సు తొందరపెడితే బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తాను. మ్యాచింగ్ రిపోర్టు స్క్రీన్ మీద కనిపించందే రక్తం ఇవ్వరు. అక్కడేమో చక్రం తిరుగుతూనే ఉంది.

"సర్వర్ స్లో ఉందక్కా. రోజూ ఈ టైంకు గిట్లనే పరేషాన్ చేస్తది. జర ఆగు" అన్నాడు కౌంటర్ దగ్గరి అతను.

ఎందుకు స్లోగా ఉందో నాకు తెలుసు, కానీ ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుంటే తప్ప ఆపలేను. మేనేజర్‌కు ఫోన్ చేసి, చెల్లెలి పరిస్థితి చెప్పి, బ్యాకప్ ఆపమని ఏడ్చాను. "సగంలో ఆపితే క్లయింట్ ఊరుకోడండి. కాసేపట్లో అయిపోతుంది కదా" అని పెట్టేశాడు. వాడి మొహం మండా! అక్కడే నిలబడి "ఆగు, ఆగిపో" అని ఆ స్క్రీన్ మీద అరిచాను.

రిపోర్టు టక్కున తెరుచుకుంది. రక్తం ఎక్కించారు. చెల్లెలు బతికింది.

అదృష్టం అనుకున్నాను. కానీ మర్నాడు ఆఫీసుకెళ్లి, ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్ తీస్తే, బ్యాకప్ దానంతటది ఆగలేదు. సరిగ్గా నేను అరిచిన నిమిషానికి, నా లాగిన్‌తో, ఆఫీసులో నా సీటు దగ్గరి కంప్యూటర్ నుంచి ఆపినట్టు రాసి ఉంది. లాగిన్ కావాలంటే నా ఫోన్‌కు ఓటీపీ రావాలి. ఏదీ రాలేదు. సెక్యూరిటీవాళ్లను బతిమాలి ఆ టైంకు కెమెరాలో రికార్డయింది చూశాను. నా కుర్చీ ఖాళీగా ఉంది. స్క్రీన్ మాత్రం వెలిగి, కాసేపటికి ఆరిపోయింది.

మేనేజర్ గదిలోకి పిలిచి, "ఎవరినడిగి ఆపారండీ?" అన్నాడు. నేను కాదన్నాను. నమ్మలేదు, మెమో ఇచ్చాడు. ఎలా నమ్ముతాడు, ఎవరు ఆపారో ఇప్పటికీ నాకే అంతు చిక్కదు. మెమో ఇచ్చినందుకు నాకు కోపం లేదు. కోపమల్లా ఒక్కదానికే. ఆ గదిలో ఉన్నంతసేపూ క్లయింట్, క్లయింట్ అన్నాడే గాని, మీ చెల్లెలు ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు.