బంగారుతీగకు ఉప్పు సరిపోయిందా?

మా బావ తాళాలు బాగుచేస్తాడు. ఆదివారం వస్తే చాలు, గాలం పట్టుకుని చెరువు గట్టు ఎక్కుతాడు. అందరూ వానపాములు గుచ్చితే ఈయన జున్నుముక్కలు, జెల్లీ బిళ్లలు గుచ్చుతాడు.

"రోజూ అదే తింటే చేపకి మాత్రం విసుగు రాదా, మరదలు పిల్లా?" అని నన్నే అడుగుతాడు.

మీసాలున్న పెద్ద బంగారుతీగ చేపను ఒక్కసారైనా పట్టాలని ఆయన కోరిక. ఇన్నేళ్లలో ఆయన పట్టింది జలుబు ఒక్కటే.

ఒక ఏడు అక్కకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది నాలుక మీది రుచిని కూడా పట్టుకుపోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో అంతమందికి వండి పెట్టిన మనిషి, రెండు ముద్దలకే కంచం నెట్టేసేది. "మట్టి తిన్నట్టుందే" అనేది. జబ్బేమీ లేదు, తింటే చాలన్నాడు డాక్టరు. చెప్పడానికేం, నోరుంటే చాలు! చిక్కిపోయిన అక్క వేలికి ఉంగరం, దారం చుడితే గానీ నిలవడం లేదు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. అక్క మనకు దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది. ఈయనేమో చేపల గోలలో ఉన్నాడని ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం పొద్దున బావ వంటింట్లో బ్రెడ్డు నలిపి, వెల్లుల్లి దంచి, జామ్ కలుపుతున్నాడు.

"ఏంటండీ ఆ కంపు?" గదిలోంచి అక్క కేకేసింది.

"చేపలకి ఎర. వెల్లుల్లిలో జామ్ కలిపాను."

"వెల్లుల్లిలో జామా? మీ మొహాన ఉమ్ముతాయి!"

తనంతట తానే మంచం దిగి వచ్చింది. ఆ ముద్ద పారేయించి, ఉడికిన బంగాళాదుంపలో జున్ను, మిరియాలు, వెల్లుల్లి కలిపింది. అలవాటు కొద్దీ చిటికెడు నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది."

చేపకు ఉప్పెందుకే అనబోయాను. బావ నా కాలు తొక్కాడు.

సగం ముద్ద ఇంట్లో ఉంచి, బావా నేనూ మిగతాది చెరువుకు పట్టుకెళ్లాం. గాలం వేసి కూర్చున్నామో లేదో, బెండు బుడుంగున మునిగింది. బావ కిందా మీదా పడి లాగాడు. మోచెయ్యంత బంగారుతీగ! నేను ఎగిరి గంతేశాను. ఆయన దాన్ని కాసేపు రెండు చేతుల్లో పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నీళ్లలోకి వదిలేశాడు.

"మతిపోయిందా బావా!"

"చేప పడిందని చెబితే మీ అక్క ఇంక ఎందుకు రుచి చూస్తుంది?" అన్నాడు.

ఇంటికెళ్లేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "తిన్నాయా?"

"ముట్టుకోలేదు. ఏదో తక్కువైనట్టుంది."

"నా చేతి వంటనా!" అక్కకు రోషం పొడుచుకొచ్చింది. మిగిలిన ముద్ద తీసి పెనం మీద ఒత్తి కాల్చింది. కొంచెం తుంచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. ఇంకొంచెం తుంచింది. చూస్తుండగానే పెనం ఖాళీ అయింది.

"ఉప్పు సరిగ్గానే ఉందే! మీ చేపలకే నోరు బాగాలేదు" అంది.

"అంతే, వాటికే బాగాలేదు" అంటూ బావ కొళాయి దగ్గరకెళ్లి, చాలాసేపు మొహం కడుక్కున్నాడు.