మామగారి చీపురుపుల్ల

మా మామగారు పోయారని కబురు తెచ్చిన మనిషిని నేను వెంటనే నమ్మలేదు. సామర్లకోటలో మా తమ్ముడింటి అరుగు దగ్గర నిలబడి చెప్పాడతను. ఎవరు పంపారు, ఎప్పుడు బయలుదేరావు, నువ్వు కళ్ళారా చూశావా అని గుచ్చి గుచ్చి అడిగాను. అడుగుతుండగానే అది అచ్చం ఆయన అడిగే తీరని తోచింది. అప్పుడు ఏడుపొచ్చింది.

అలాంటి అనుమానపు మనిషిని మీరు చూసి ఉండరు. పాలు పలచగా ఉంటే నీళ్ళు కలిపారని అనుమానం, చిక్కగా ఉంటే ఇంకేం కలిపారోనని అనుమానం. పురోహితుడు చెప్పిన తిథిని ఇంకొకరి పంచాంగంలో చూసుకుంటేగాని ఊరుకునేవారు కాదు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేవారు. మొలలో ఎప్పుడూ ఒక చీపురుపుల్ల దోపుకుని ఉండేవారు. పళ్ళు కుట్టుకోవడానికి కాబోలని కాపరానికి వచ్చిన కొత్తలో అనుకున్నాను.

అవి రైలు ఇంకా రాని రోజులు. వేసవిలో కాలువలు కట్టేస్తే పడవలుండవు, ఎక్కడికి పోవాలన్నా బండే గతి. నాకు తొలి కానుపు. ఏడో నెల నడుస్తుండగానే పుట్టింటికి చేరాలి, ఎనిమిదో నెల వచ్చిందంటే ప్రయాణం పనికిరాదు. అమ్మ దగ్గర కాకపోతే ఆ కానుపులో నేను బతకనని నాకు గట్టి నమ్మకం.

మా బండి మామగారి తండ్రి నాటిది. ఎండలకు చెక్క కుంచించుకుపోయి, చక్రాల చుట్టూ ఉండే ఇనప కట్లు వదులయ్యాయి. తొలకరి ఏ రోజైనా పడేట్టుంది. వానల్లో బురదదారిన పోవాలంటే ఆ కట్టు ఊడదీసి, కొంచెం కోసి, అతికి, ఎర్రగా కాల్చి మళ్ళీ బిగించాలి. ఆ పని కమ్మరికి అప్పజెప్పారు. అతను చక్రాలు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మామగారు రాయి పెట్టి కొట్టారు. ఖంగుమని మోగాయి.

"ఎండలో పెట్టు," అన్నారు.

కమ్మరి నొచ్చుకున్నాడు. "నిన్ననే బిగించానండి. మళ్ళీ ఎండలో ఏంటండి?"

"బిగించావో చెరువులో నానేశావో ఎండే చెబుతుందిలే."

నానిన చెక్క ఉబ్బితే వదులు కట్టు కూడా బిగిసినట్టే ఉంటుందనీ, ఆరాక అసలు సంగతి బయటపడుతుందనీ నాకప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ముహూర్తం దాటిపోయిందని. మర్నాడూ చక్రాలు ఎండలోనే ఉన్నాయి, ఆ మర్నాడూ ఉన్నాయి. ఈయనకు నన్ను పంపడం ఇష్టం లేదు, మనవడు తన ఇంట్లోనే పుట్టాలని ఎత్తు వేశారు, చక్రం వట్టి సాకు అని తలుపు వెనక నిలబడి తేల్చుకున్నాను. ఆయన ఎదుటపడి మాట్లాడే రోజులు కావు. అత్తగారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిడదీ అదే అనుమానమని తేలింది. ఆ ఇంట్లో అన్నం కంటే ముందు అనుమానమే వడ్డించేవారు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన చక్రం దగ్గర చతికిలబడి, మొలలోని పుల్ల తీసి, చెక్కకీ కట్టుకీ మధ్య పెట్టారు. పుల్ల సగానికి పైగా లోపలికి దిగిపోయింది. కమ్మరిని తిడతారనుకున్నాను. ఆయన నేనున్న తలుపు వైపు చూశారు. సిగ్గుతో నాకు ప్రాణం చచ్చిపోయింది.

ఆ పూట ఆయన భోజనానికి రాలేదు. కొలిమి దగ్గరే కూర్చుని, పిడకల మంటలో కట్టు ఎర్రబడేదాకా చూసి, తన ఎదుటే బిగింపించి, మళ్ళీ ఆరబెట్టించారు. ఏడో నెల వెళ్ళిపోకుండానే మేం బయలుదేరాం. మావారు బండి తోలారు. మామగారు బండి ఎక్కలేదు. ఎండలోనూ, దారిలో పట్టుకున్న వానలోనూ చక్రం పక్కనే నడిచారు. బండి ఆగినప్పుడల్లా వంగి పుల్ల పెట్టి చూశారు. నన్ను అప్పగిస్తూ మా అమ్మతో, "అమ్మాయి జాగ్రత్త చెల్లెమ్మగారూ," అన్నారు. ఆ వెంటనే, "మంత్రసాని మంచిదేనా?" అని అడిగారు. అమ్మ ముఖం మాడ్చుకుంది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయనంటే ఉన్న భయం ఆ రోజుతో పోయింది. అంతగా నన్ను కాచుకున్న మనిషి మళ్ళీ నాకు దొరకరు.

ఆ కానుపులో పుట్టిన అబ్బాయి భార్యకే ఇప్పుడు ఏడో నెల. ఆమె పుట్టిల్లు రైలు దారికి దూరం, కాలువలు కట్టేసి ఉన్నాయి. పోయే ముందు మామగారే దగ్గరుండి చక్రాలకు కట్లు బిగింపించారట. కర్మలన్నీ అయ్యాక, మంచిరోజు చూసి బండి సిద్ధం చేశారు. ఎడ్లను కూడా కట్టేశారు. నేను చూరులో దోపి ఉన్న ఆయన పుల్ల తీసుకుని వెళ్ళి చక్రం దగ్గర కూర్చున్నాను. పుల్ల దిగలేదు, వంగింది. అవతలి చక్రానికీ పెట్టి చూశాను. అక్కడా దిగలేదు.

ఎడ్లను విప్పమన్నాను.

"తాతగారు చేయించినవే కదమ్మా," అన్నాడు అబ్బాయి.

"రేపటిదాకా ఎండనీ."

తలుపు వెనక గాజులు కదిలాయి. కోడలు నా వైపే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.